ఎర్రచందనం పుట్టిల్లు ఆ కొండలే
గెనిమ మీది మానుకు చేవ ఎప్పుడెక్కుతుంది?

రైతు సోదరులారా, ముందు ఒక ప్రశ్న. మీ గెనిమ మీద ఎర్రచందనం మాను ఉందా? ఉంటే దాని వయసెంత?

పదేళ్లు దాటి ఉంటే ఈపాటికి మీ ఇంటికి ఎవరో ఒకరు వచ్చే ఉంటారు. "ఏం సామీ, మాను బాగా లావెక్కిందే, బేరం మాట్లాడేదా?" అని గుసగుసగా అడిగి ఉంటారు. మాను లేకపోతే ఇంకొకాయన వస్తాడు, మోపెడ్ వెనకాల మొక్కలు కట్టుకుని. "ఎకరాకు రెండొందల యాభై పెట్టు. నీళ్లు అక్కర్లేదు, మందులు అక్కర్లేదు. పన్నెండేండ్లు కండ్లు మూసుకో. తెరిస్తే కోటి" అంటాడు. ఈ ఇద్దరి మాటలూ విని చెయ్యి కాల్చుకున్న వాళ్లు మన చుట్టుపక్కల ఊళ్లల్లో ఉన్నారు. ఈ రాస్తున్నవాడూ అందులో ఒకడే. కాబట్టి ముందు నా కతే చెప్తాను.

తిరుచానూరు పక్కన స్వర్ణముఖి ఒడ్డున మాకు ఎకరా ముప్పై సెంట్లు ఉంది. వరి, చెరకు, నీళ్లు తక్కువైన ఏడు వేరుశనగ. 2003లో ఒక మొక్కల వ్యాపారి వచ్చి మా నాయనకు ఇరవై ఎర్రచందనం మొక్కలు అంటగట్టినాడు. అప్పటి లెక్కకు ధర ఎక్కువే. మారుమాట లేకుండా నాయన గెనిమ పొడవునా పెట్టించినాడు. ఆరు చచ్చిపోయినాయి. మిగతా పద్నాలుగూ చెరకు తోట నీళ్లు తాగి ఏపుగా లేచినాయి. పదిహేనో ఏటికి ఒక్కోటి నడుమెత్తున కౌగిలించుకునేంత లావు. నాయన వాటిని చూసుకుని చెల్లెలి పెళ్లి అప్పు గురించి దిగులు మానేసినాడు. "మాన్లు ఉండాయి కదరా" అనేవాడు.

2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగి ఒడ్డు కోసుకుపోయింది. మా గెనిమలో ఒక ముక్క జారిపోయి ఒక మాను వేళ్లతో సహా పడిపోయింది. పడిన మానునైనా మన ఇష్టానికి కొయ్యకూడదని తెలిసి అటవీశాఖ వాళ్లకు కబురు పెట్టినాము. వాళ్లు వచ్చి కొలిచి, రాసుకుని, అనుమతి వచ్చాక కోయించినారు. రంపం ఆగింది. అందరం వంగి చూసినాము. చుట్టూ నాలుగు వేళ్ల మందాన తెల్లకట్టె. నట్టనడుమ నిమ్మకాయంత ఎరుపు. అంతే.

పద్దెనిమిదేండ్ల మాను. నిమ్మకాయంత చేవ.

నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇదేందప్పా, ఇన్ని నీళ్లు తాపితిమే" అన్నాడు. వచ్చిన గార్డు మంచివాడు. "అదే పెద్దాయనా. నీళ్లు తాపితే మాను లావెక్కుతాది. చేవ ఎక్కేది వయసును బట్టి. కొండమీద రాతి సందులో కాలు మోపి బతికిన మానుకు వచ్చే చేవ ఈ ఒండ్రులో అంత బిన్నా వస్తుందా?" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఆ కొండల సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టినాను.

ఎక్కడ పుడుతుంది?

తిరుచానూరు అమ్మవారి కోనేటి గట్టున నిలబడి వాయవ్యం దిక్కుకు చూడండి. నీలంగా గోడ కట్టినట్టు కనిపిస్తాయి శేషాచలం కొండలు. వాటి వెనకాల పాలకొండలు, ఇంకా పైకి పోతే లంకమల, తూర్పున నెల్లూరు వైపు వెలిగొండలు. ఉమ్మడి చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల్లోని ఈ కొండలే ఎర్రచందనానికి పుట్టిల్లు. చుట్టుపక్కల అక్కడక్కడా, తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల్లో కొద్దిగా, చెదురుమదురుగా కనిపిస్తుంది. ఇంత పెద్ద ప్రపంచంలో ఈ చెట్టు తనంత తాను మొలిచి, పూచి, కాచి, మళ్లీ మొలిచే చోటు ఇదొక్కటే. చైనాలో లేదు, జపాన్‌లో లేదు. మన దేశంలోనే హిమాలయాల్లో లేదు, గోదావరి అడవుల్లో లేదు. మామండూరు, బాలపల్లె, కోడూరు, భాకరాపేట, తలకోన. ఈ పేర్లన్నీ మనకు బస్సు బోర్డుల మీద ఉండేవే. ప్రపంచానికి మాత్రం ఇవి ఒక చెట్టు ఇంటి చిరునామా.

ఆ కొండ నేల ఎలాంటిదో అడివికి పోయిన వాళ్లకు తెలుసు. పలకరాయి, గాజురాయి లాంటి తెల్లటి గట్టి రాయి, సందుల్లో గుప్పెడు ఎర్రమన్ను. వాన పడితే నిలవదు, జారిపోతుంది. ఎండాకాలం రాయి కాలి చెప్పు అంటుకుంటుంది. నైరుతి వానలు కొంచెం, ఈశాన్య వానలు కొంచెం. మధ్యలో అంతా కరువే. అక్కడ పెరిగే మాను నిదానంగానే పెరుగుతుంది. ముసలి మాను కూడా ముప్పై, నలభై అడుగులకు మించి పోవడం అరుదు. బెరడు మొసలి తోలు మాదిరి చతురస్రాలుగా పగిలి ఉంటుంది. కత్తిగాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. రక్తచందనం అనే పేరు ఊరికే రాలేదు. ఆకు మూడు రేకులుగా ఉంటుంది. చలికాలం చివర ఆకు రాలుస్తుంది, ఎండలు ముదిరాక ఏప్రిల్, మేలో పసుపుపచ్చగా పూస్తుంది. కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో, నడిమధ్య గట్టి గింజతో ఉంటుంది.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. ఎర్రచందనానికి వాసన ఉండదు. శ్రీగంధం వేరు, ఇది వేరు. వాసన చూసి కొనేవాడిని, వాసన ఉందని అమ్మేవాడిని ఇద్దరినీ నమ్మొద్దు. అలాగే వేగిస మానును చూసి ఎర్రచందనం అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే కుటుంబం, కానీ ధరలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఈ కొండలకు మాత్రమే సొంతమైనది ఎర్రచందనం ఒక్కటే కాదు. తిరుమల కొండల మీద ఈత చెట్టు మాదిరి పొట్టిగా ఉండే పేరీత, తంబజాలారి, తెల్లకరక, మొగి, కొండసాంబ్రాణి అన్నీ ఈ చుట్టుపక్కల కొండల మీదే బతికే జాతులు. వీటిని కాపాడాలనే 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు పెట్టినారు. సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించినారు. అది సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు.

ఇల్లు ఒక్కటే అయితే వచ్చే చిక్కు

పుట్టిన చోటు చిన్నదైతే ఏమవుతుందో చెప్పడానికి ఒక దూరదేశం ముచ్చట. మన కంచెలకు వేసే బొమ్మజెముడు, నాగజెముడు చూసినారు కదా. ఎంత నరికినా చావదు. అలాంటి జెముడు జాతే ఒకటి, చెట్టంత పెరిగేది, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కీ లార్గో అనే దీవి ఒడ్డున ఉండేది. 1992లో దాన్ని మొదటిసారి గుర్తించినారు. అమెరికా మొత్తం మీద దానికి ఉన్నది ఆ ఒక్క తావే. సముద్రమట్టం పెరిగింది, తుపానులు వచ్చినాయి, ఉప్పునీళ్లు నేలలోకి ఎక్కినాయి. ఎలుకజాతి జీవాలు నీటి కోసం దాని కాండాన్ని కొరికినాయి. 2021 నాటికి ఆరు కాడలు మిగిలినాయి. అవీ నిలబడవని తెలిసి పచ్చిగా ఉన్న ముక్కలు తీసి నర్సరీలో పెట్టుకున్నారు. ఆ దేశంలో అడివిలో ఆ జెముడు ఇక లేదని 2024లో ప్రకటించినారు. క్యూబా, బహామా దీవుల్లో ఇంకా ఉంది కాబట్టి జాతి మిగిలింది.

మన ఎర్రచందనానికి క్యూబా, బహామా లేవు. ఈ కొండలు పోతే ఇక చెప్పుకోవడానికి ఇంకో కొండ లేదు.

సముద్రం మన కొండ ఎక్కదు, నిజమే. మన కొండకు వచ్చే ఆపద నిప్పు, గొడ్డలి. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది. ఎండాకాలం మేతకని, తేనెకని పోయి బీడీ ముక్క పారేసే వాళ్లుంటారు. పచ్చిగడ్డి మొలుస్తుందని కావాలనే అంటించేవాళ్లూ ఉంటారు. పెద్ద మాను తట్టుకోవచ్చు. ఏడాది పిలక తట్టుకోదు. గొర్రెలు, మేకలకు దీని ఆకంటే ఇష్టం. పిలకలన్నీ మేతకూ మంటకూ పోయి ముసలి మాన్లు మాత్రమే గొడ్డలికి మిగిలితే ఆ అడివి పైకి పచ్చగానే ఉంటుంది, లోపల వారసులు ఉండరు.

ఇక గొడ్డలి సంగతి. మన పెద్దలకు ఎర్రచందనం అంటే కంబం, దూలం, కాడిమాను. చెదలు పట్టదు, నీళ్లల్లో వేస్తే మునిగిపోయేంత బరువు. ఎక్కడైనా పాత మిద్దె పడగొడితే లోపల ఎర్రటి కంబాలు బయటపడతాయి. వాపులకు, సెగ్గడ్డలకు సానరాయి మీద అరగదీసి పట్టు వేసేవారు. ఆడపిల్లల పెళ్లికి మరపాచి బొమ్మల జంట ఇచ్చేవారు. తెల్లదొరల కాలంలో బట్టల అద్దకం రంగు కోసం మద్రాసు రేవు నుంచి ఓడలెక్కింది. ఆ రంగు పదార్థం పేరు శాంటాలిన్. తర్వాత చైనాలో పాత రాజుల కాలపు తరహా కుర్చీలు, బీరువాలకు, జపాన్‌లో షామిసెన్ అనే మూడు తంత్రుల వాద్యం మెడకు గిరాకీ వచ్చింది. కోసినప్పుడు లోపల అలలు అలలుగా నార ఉన్న మానుకు మరీ ఎక్కువ ధర. ఆ అల ఉందో లేదో బయట నుంచి చెప్పడం కష్టం. కొట్టి చూడాల్సిందే. అలాంటి ఒక్క మాను కోసం ఇంకెన్ని కొట్టి ఉంటారో మీరే ఊహించుకోండి.

1995లో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం రెండో జాబితాలోకి ఎర్రచందనం ఎక్కింది. అంటే పర్మిట్టు లేకుండా దేశాల సరిహద్దు దాటకూడదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాళ్లు దీన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో పెట్టినారు. 2018లో ఒక మెట్టు దించి "ప్రమాదానికి దగ్గర" అన్నారు. ఆ తర్వాత మళ్లీ లెక్క చూసి తిరిగి పాత జాబితాలోనే పెట్టినారు.

కూలికి పోయిన వాళ్లు తిరిగి రాలేదు

2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ సిబ్బందిని స్మగ్లర్లు కొట్టి చంపినారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం వైపు అడివిలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయినారు. ఎక్కువమంది తమిళనాడులోని తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల కొండ కూలీలు. ఆ కాల్పుల మీద కోర్టుల్లో, మానవ హక్కుల కమిషన్‌లో చాలా వాదనలు నడిచినాయి. అందులోకి నేను పోను. మనం గమనించాల్సింది ఒకటి. చనిపోయినవాళ్లల్లో కంటైనర్ యజమాని లేడు, రేవులో కూర్చుని సంతకం పెట్టేవాడు లేడు. ఉన్నది రెండు వైపులా జీతగాళ్లు, కూలోళ్లే.

2016లో రాష్ట్ర అటవీ చట్టం సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు పెంచినారు. బెయిలు సులభంగా దొరకదు. 2021 డిసెంబరులో "పుష్ప" సినిమా వచ్చాక మన పిల్లలకు భుజం ఎత్తి నడవడం అలవాటైంది. సినిమా సినిమానే అనుకోండి, నేనూ చూసినాను, బాగుంది. కానీ ఒక రాత్రికి రెండు, మూడు వేలు ఇస్తామని, ఊరికే దారి చూపిస్తే చాలని, ఇంటి పెరట్లో నాలుగు దుంగలు దాచితే చాలని అడిగేవాళ్లు సినిమాలో మాదిరి రారు. మన పక్కూరి వాడే, మనకు వరసైనవాడే వస్తాడు. ఇంట్లో చదువు ఆపేసిన పిల్లోడు ఉంటే ఈ ముక్క వాడికి చదివి వినిపించండి.

పట్టా భూమిలో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. పెంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొట్టడానికి, మండలం దాటించడానికి కావాలి. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియకనే చాలామంది ఇరుక్కుంటున్నారు. గెనిమ మీద మాను నాది కదా అని రాత్రికి రాత్రి కోసి ట్రాక్టరుకెత్తితే, చెక్‌పోస్టు దగ్గర అది అడివి మానా పొలం మానా అని ఎవరూ తేల్చలేరు. తేల్చాల్సిన బాధ్యత మీ మీదే పడుతుంది.

అందుకని మొక్క నాటిన ఏడే చేయాల్సిన పని ఒకటుంది. ఏ సర్వే నంబరులో, ఎన్ని మొక్కలు, ఏ ఏడు నాటినారో అడంగల్‌లో రాయించుకోండి. మొక్కలు కొన్న రశీదు పాస్‌బుక్కులో పెట్టుకోండి. మా నాయన రశీదు అడగలేదు, ఆయన ఇవ్వలేదు. 2021లో పడిన మాను విషయంలో మాకు పట్టిన తిప్పలన్నీ ఆ ఒక్క కాగితం లేకనే. కొట్టే వయసు వచ్చాక డివిజనల్ అటవీ అధికారి కార్యాలయంలో అర్జీ పెట్టాలి. భూమి మీదేనని, అడివి హద్దులో లేదని రెవిన్యూ వాళ్లు ధ్రువీకరించాలి. అటవీ సిబ్బంది మాన్లు లెక్కపెట్టి, కొలిచి, గుర్తు వేసినాక అనుమతి, రవాణా పర్మిట్టు వస్తాయి. తిరుగుడు ఉంటుంది, ఓపిక కావాలి. మీది డీకేటీ భూమి అయితే మొక్క నాటకముందే తహసీల్దారు కార్యాలయంలో అడిగి, చెప్పింది కాగితం మీద తీసుకోండి.

పొలంలో పెంచిన కొయ్యకు దారులు ఇదివరకటి కన్నా తెరుచుకున్నాయి. 2019లో కేంద్రం పట్టా భూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి నిబంధనలు సడలించింది. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం వాళ్లు మన దేశం మీద ఎన్నో ఏండ్లుగా పెట్టిన ప్రత్యేక పరిశీలన నుంచి 2023 నవంబరులో ఎర్రచందనాన్ని తీసేసినారు. ఇంకొక విషయం చాలామందికి తెలియదు. ఎర్రచందనం వేలంలో కొన్నవాడు జీవవైవిధ్య చట్టం కింద అమ్మకం మొత్తంలో కొంత, 2014 నాటి నియమాల ప్రకారం కనీసం 5 శాతం, లాభం పంపకం కింద కట్టాలి. అలా జమైన సొమ్ములో నుంచి జాతీయ జీవవైవిధ్య సంస్థ 2025లో మన రాష్ట్రంలోని 198 మంది ఎర్రచందనం రైతులకు, ఒక విశ్వవిద్యాలయానికి కలిపి 3 కోట్ల రూపాయలు ఇచ్చింది. ఆ రైతులు ఉమ్మడి చిత్తూరు, కడప, నెల్లూరు వైపు ఊళ్ల వాళ్లే. వాళ్లందరూ అనుమతితో, కాగితాలతో అమ్మినవాళ్లు. దొంగచాటుగా దళారికి ఇచ్చినవాడి పేరు ఆ జాబితాలో ఎలా ఉంటుంది? అదే ఏడు రైతులకు ఇవ్వడానికి లక్ష మొక్కలు పెంచమని రాష్ట్ర జీవవైవిధ్య మండలికి 82 లక్షలు మంజూరు చేసినారు. మొక్కలు కావాల్సినవాళ్లు మోపెడ్ మనిషి కోసం చూడకుండా అటవీశాఖ నర్సరీల్లో అడగండి. తిరుపతిలో ఆ శాఖకు బయోట్రిమ్ అనే పరిశోధన కేంద్రమే ఉంది.

నాటాలనుకుంటే

ఎకరా మొత్తం దీనికి ఇచ్చెయ్యమని నేను చెప్పను. రెండెకరాల రైతు ఇరవై అయిదు, ముప్పై ఏండ్లు కూర్చుని చూడగలడా? మొక్కకూ మొక్కకూ నాలుగు మీటర్లు వదిలితే ఎకరాకు సుమారు 250 పడతాయి. మోపెడ్ మనిషి చెప్పిన లెక్క అంతవరకు నిజమే. ఆ తర్వాతి లెక్కే అబద్ధం. పన్నెండేండ్లకు చాలా మాన్లల్లో చేవ అప్పుడప్పుడే మొదలవుతుంది. వేలంలో దుంగలను ఏ, బీ, సీ అని, గ్రేడు లేనివి అని వేరు చేస్తారు. ధర చేవను బట్టే. తెల్లకట్టె పొయ్యిలోకి.

కాబట్టి గెనిమలు, కంచె హద్దు, మామిడితోట అంచు, గుట్టవాలు, రాళ్లచేను. ఏ పంటా పండక వదిలేసిన చోటు దీనికి సరైన చోటు. నీళ్లు నిలిచే మడిలో, జిగట రేగడిలో పెట్టొద్దు. వేరు కుళ్లుతుంది. మా గెనిమలో చచ్చిన ఆరూ పల్లపు వైపు ఉన్నవే.

మొక్క సొంతంగా పెంచుకోవాలంటే ఫిబ్రవరి, మార్చిలో బాగా ఎండిన కాయలు తీసుకోండి. అడివిలోకి పోయి కాదు, పొలాల్లో ఉన్న పెద్ద మాన్ల కిందివి. రెక్క కత్తిరించి, పల్చటి పేడనీళ్లలో మూడు రోజులు నానబెట్టి ఇసుక మడిలో వేయండి. పది, పదిహేను రోజుల్లో మొలక కనిపిస్తుంది. గింజ గట్టిది. వేసినవాటిలో సగం మొలిస్తే అదృష్టమనుకోండి. కొండమీద అది ఎంత కష్టంతో మొలుస్తుందో అప్పుడు మీకే తెలుస్తుంది. మొలకలను సంచుల్లోకి మార్చి ఏడాది పెంచి, ముప్పావు గజం లోపు గుంతల్లో ఎరువు కలిపిన మన్నుతో నాటండి. మన వైపు ఆనికి తొలకరి వానకు నాటినా, ఈశాన్య వానలు మొదలైనప్పుడు నాటినా పట్టుకుంటుంది.

మొదటి రెండు, మూడేండ్లు మేకల నుంచి కాపాడితే సగం పని అయిపోయినట్టే. కంపచెట్టు కొమ్మలు చుట్టూ పెట్టండి, అదే చవక కంచె. ఆ రెండేండ్లూ ఎండాకాలం నెలకు రెండు బిందెలు పోస్తే చాలు. ఆ తర్వాత నీళ్లు మాన్పించండి. పక్క కొమ్మలు చిన్నగా ఉన్నప్పుడే కోసేసి మాను నిటారుగా లేచేటట్టు చూడండి. మధ్యలో వేరుశనగ, ఉలవ, అలసంద నీడ పడేదాకా వేసుకోవచ్చు. కొట్టినాక మొదలు పీకెయ్యొద్దు, అది మళ్లీ పిలకలేస్తుంది.

ఇంకొకటి అడుగుతారని తెలుసు. పొలాల్లో ఇన్ని పెంచితే కొండమీద జాతికి ఆపద తీరినట్టే కదా? సగమే తీరుతుంది. మన గెనిమ మీది మాన్లన్నీ నాలుగు నర్సరీల నుంచి వచ్చినవి. ఎవరో ఏదో ఒక్క మాను కింద ఏరిన గింజలు కావచ్చు. కొండమీద ఒక్కో లోయలో ఒక్కో రకం ఉంటుంది. కరువుకు ఓర్చేది, అల ఎక్కేది, మంటకు తట్టుకునేది. ఆ రకాలు అక్కడే ఉన్నాయి. విత్తనానికి మూలం అక్కడే. సన్నరకం వడ్లు ఊరంతా పండుతున్నా పాత విత్తనం పోతే మళ్లీ తెచ్చుకోలేకపోయినట్టే ఇదీ.

పైగా ఆ కొండ మన సేద్యానికి పైకప్పు. కళ్యాణి డ్యాంకు, కపిలతీర్థానికి, స్వర్ణముఖి వాగులకు నీళ్లు దిగేది ఆ వాలు నుంచే. అడివి పలచబడితే వాన ఒక్కసారిగా కిందికి దూకుతుంది, తర్వాత బోర్లు ఎండుతాయి.

మా గెనిమ మీద ఇంకా పదమూడు మాన్లు ఉన్నాయి. పోయిన నెల ఒకాయన స్కూటర్ దిగి వాటి చుట్టూ తిరిగి, గోరుతో బెరడు గిల్లి, నాయనతో బేరమాడినాడు. నాయన ఆయన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, లోపలి నుంచి 2021లో కోసినప్పటి ముక్క తెచ్చి చూపించినాడు. చుట్టూ తెలుపు, నడుమ నిమ్మకాయంత ఎరుపు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మజ్జిగ తాగి వెళ్లిపోయినాడు. ఆ పదమూడింటినీ అడంగల్‌లో ఎక్కించమని నేను అర్జీ రాసి పెట్టినాను. సోమవారం నాయన, నేను సచివాలయానికి పోవాల. సర్వేయర్ ఆ రోజు ఉంటానన్నాడు.